తమ్ముడి చెరువులో తెల్లమచ్చ

నేను కాలేజీలో జువాలజీ చెబుతాను. ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు రొయ్యల జబ్బుల మీద ప్రాజెక్టు కూడా చేశాను. అందుకని మా వాళ్లకి రొయ్య మీసం ఊడినా నాకే ఫోను. నాకు తెలిసింది తక్కువ, వాళ్లు నమ్మేది ఎక్కువ.

మా ఆయనకీ, మా తమ్ముడికీ ఒకే ఉప్పుటేటి గట్టున చెరువులున్నాయి. మాది కింద, సముద్రానికి దగ్గర. తమ్ముడిది బాగా పైన. రెండిళ్లకీ తిండి పెట్టేది ఆ చెరువులే.

ఆ రోజు పొద్దున్నే తమ్ముడు ప్లాస్టిక్ డబ్బాలో రొయ్యలు పట్టుకొచ్చాడు. ఒకదాని తల పెంకు ఊడదీసి వెలుతురుకి పెట్టి చూశాను. తెల్లటి మచ్చలు. ఇలాంటి మచ్చలు తెచ్చే వైరస్ తగిలితే చెరువు చెరువంతా పోతుంది.

"తెల్లమచ్చేనా అక్కా?" అన్నాడు.

"అలాగే ఉన్నాదిరా."

"దీనికి మందు లేదేటి?"

లేదన్నాను. వాడు వదల్లేదు. "మరి రొయ్య ఒంట్లో కాపు కాసేది ఏటీ ఉండదా?"

ఉంటుందని చెప్పాను. వైరస్ దూరిన కణం, ఆ వైరస్ లోపల పెరగకముందే, తనంతట తానే చచ్చిపోతుంది. దాంతో పక్క కణాలు బతుకుతాయి. కానీ ఈ వైరస్ కూడా ఒక ప్రోటీన్ తయారు చేయిస్తుంది. వైరస్ ఒళ్లు కట్టుకోవడానికి అది పనికిరాదు. కణాన్ని చావనివ్వకుండా పట్టి ఉంచడమే దాని పని. పైకి కణం బాగానే ఉంటుంది, లోపల వైరస్ పెరుగుతూనే ఉంటుంది.

"ఆగు ఆగు," అన్నాడు. "కణం సస్తే మంచిదా, బతికితే మంచిదా?"

"సస్తే రొయ్యకి మంచిది."

"మరి శానా కణాలు సచ్చిపోతే?"

"అప్పుడు రొయ్యే సస్తాది."

"ఇదేటి సదువే, తలా తోకా లేదు."

ఒళ్లు మండింది. కానీ వాడన్నదాంట్లో తప్పేముంది? ప్రాజెక్టు రాసేటప్పుడు నేనూ అక్కడే తికమకపడ్డాను. ఆ కణాల చావే రొయ్యని కాపాడుతుందని కొందరు రాశారు, ఆ చావే రొయ్యని చంపుతుందని కొందరు రాశారు. ప్రాజెక్టు చేయించిన మేడమ్‌ని అడిగితే రెండూ నిజమే కావచ్చన్నారు. మార్కులైతే వచ్చాయి గానీ నాకు అర్థమై ఏడిస్తే కదా.

తమ్ముడు డబ్బాకి మూత పెట్టాడు. రొయ్య అమ్ముడుపోయే సైజుకి వచ్చింది. వెంటనే పట్టేస్తే ఎంతో కొంత చేతికొస్తుంది. కానీ పట్టాలంటే చెరువు నీళ్లు ఏటిలోకి వదలాలి. ఆ నీళ్లు దిగొచ్చేది మా చెరువు పక్కకే, మేం నీళ్లు తోడుకునేదీ అక్కడే.

"నీల్లు ఒగ్గనులే," అన్నాడు. "బ్లీచింగ్ జల్లేసి మొత్తం అక్కడే సంపేస్తాను. బావ సెరువైనా మిగుల్తాది."

వద్దనాలా, సరే అనాలా? వద్దంటే నా ఇల్లు పోతుంది, సరే అంటే వాడి ఇల్లు పోతుంది. నోట మాట రాకపోతే వాడు దాన్నే సరే అనుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి బ్లీచింగ్ బస్తాలు దిగాయి. ముక్కులు మండిపోతుంటే గట్టు మీద నిలబడి చూశాను. రొయ్యలు నీళ్లమీద ఎగిరెగిరి పడ్డాయి, కాసేపటికి ఎగరడం మానేశాయి. తమ్ముడు ఖాళీ బస్తాలు మడతపెట్టుకుంటూ ఉండిపోయాడు. మా ఆయన మాత్రం రాలేదు. బావమరిది మన కోసం ఇంత పని చేస్తుంటే ఒక చెయ్యి వెయ్యాలని లేదా ఈ మనిషికి అని దారంతా తిట్టుకుంటూ ఇంటికొచ్చాను.

వస్తూనే అదే అడిగాను. ఆయన తల ఎత్తలేదు.

"మన సెరువులో పోయిన అమావాస్యకే మచ్చలు కనిపించినాయి," అన్నారు. "నీల్లు మారిస్తే తగ్గుతాదేమోనని పాత నీల్లు ఏట్లోకి ఒగ్గేసినాను."

నాకు ముందు అర్థం కాలేదు. మా నీళ్లు సముద్రంలోకి పోతాయి గానీ పైకెలా వెళ్తాయి? తర్వాత అమావాస్య పోటు గుర్తొచ్చింది. ఆ రోజుల్లో సముద్రం ఏటిలోకి తోసుకొస్తుంది, నీళ్లు ఎదురు నడుస్తాయి. తమ్ముడు చెరువులోకి కొత్త నీళ్లు తోడుకునేదీ ఆ పోటులోనే.

"నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే నువ్వు ఆడికి సెప్పేస్తావు."

అంతలో తమ్ముడి ఫోను. స్పీకర్ పెట్టి ఆయన చేతికిచ్చాను.

"బావా, మీ సెరువు బాగున్నాదా?"

"బాగానే ఉన్నాదిరా," అన్నారు ఈయన.

ఫోను లాక్కున్నాను. జబ్బు ముందు మా చెరువుకే వచ్చిందనీ, మా నీళ్లే పోటుకి వాడి చెరువు దాకా వెళ్లి ఉంటాయనీ చెప్పేశాను. ఏ మాట ముందన్నానో, ఏది తర్వాతో నాకే తెలియదు. వాడు తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"అయితే అక్కా," అన్నాడు, "నానెవలి కోసం సంపేసినట్టు?"