బూస్టర్ ఇంటోళ్ళు

పదకొండేళ్ళపాటు ఆళ్ళగడ్డలో మా వీధి టీవీలన్నీ మా ఇంటి కరెంటు తిని బతికాయి. ఆ సంగతి నాకు తెలియక కాదు. తెలిసీ ఊరుకున్నాను. ఊరుకోవడమే కాదు, నెలనెలా అందరితోపాటు కేబుల్ బిల్లు కూడా కట్టాను. తన గాడిదను ఊరికే ఇచ్చి, దాని వెనకాలే నడుస్తూ బాడుగ కూడా తానే కట్టుకున్నవాడి కథ చెబితే మా బళ్ళో పిల్లకాయలు పడీపడీ నవ్వుతారు. వాళ్ళకు తెలుగు చెప్పే అయ్యవారిని నేనే.

తొంభైల నడుమ, నా భార్య నంద్యాల నుంచి కాపురానికొచ్చిన ఏడాదే కేబుల్ కూడా మా వీధికొచ్చింది. తీగల చుట్టలు భుజానేసుకుని వచ్చినవాడు మా ఊరివాడే, నాకంటే నాలుగేళ్ళు చిన్న. నన్ను అన్నా అని, ఆమెను వదినా అని, మా అమ్మను పెద్దమ్మా అని ముందు వరసలు కలిపాడు, ఆ తర్వాత తీగలు కలిపాడు. వీధి పొడుగు కాబట్టి నడుమ ఎక్కడో సిగ్నల్‌కు బలమిచ్చే డబ్బా ఒకటి పెట్టాలట. దాని పేరు బూస్టరట. "మీ మిద్దె మీద పెట్టుకుంటానన్నా. జీరో బల్బు కాలినంత కూడా కాలదు" అన్నాడు. సరే అన్నాను. వద్దు అనే మాట నాకు రాయడం వచ్చు, పలకడం రాదు.

ఆనాటి నుంచి మాది బూస్టర్ ఇల్లు. పోస్టుమాన్ కూడా అట్లాగే అనేవాడు. బలం వీధికి, బిల్లు మాకు, ఇంటి పేరు మాత్రం ఆ డబ్బాది. ఫ్యూజు మార్చడానికి మెయిన్ ఆపితే వీధి వీధంతా గడపల్లోకి వచ్చి మా ఇంటి వైపు చూసేది. నంద్యాలలో పెండ్లికి పోతూ ఇంటికి తాళం వేస్తుంటే, కేబులాయన పరుగెత్తుకొచ్చి మెయిన్ ఆపొద్దని బతిమాలేవాడు. ఖాళీ ఇంట్లో మా కరెంటు మీటరు ఒక్కటే కాపలా కాస్తూ గిరగిరా తిరిగేది.

ఆయన చెడ్డవాడు కాదు. అదే చిక్కు. చెడ్డవాడైతే ఎప్పుడో తెగతెంపులయ్యేవి. బొమ్మ బాగా రావడం లేదని చెబితే ఆ సాయంత్రమే వచ్చి, టీవీ వెనక తీగను కాస్త తిప్పి, మా ఆమె చేతి టీని పొగిడి, రేపటికల్లా బాగయిపోతుందని చెప్పి పోయేవాడు. పైగా ఆయనకు సొంత లోకల్ ఛానెలొకటి ఉండేది. మధ్యాహ్నం సినిమా, దాని కింద పారే అక్షరాలు. ఎవరి పెండ్లి, ఎవరి దినం, ఎవరి బర్రె తప్పిపోయింది, అన్నీ అందులోనే. ఏటా జూలై ఒకటిన నా పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా అందులో ఉచితంగా పారేవి. నిజానికి నేను ఎప్పుడు పుట్టానో మా అమ్మకే తెలియదు. సజ్జ కోతలప్పుడు అంటుంది. బళ్ళో చేర్పించినాయన జూలై ఒకటని రాసుకున్నాడు. మా స్టాఫులో సగం మందిమి ఆ రోజే పుట్టాం. అయినా టీవీలో మన పేరు పారుతుంటే, పుట్టని రోజైనా పుట్టినట్టే ఉంటుంది. అట్లాంటి మనిషితో, నీ తీగ నాకొద్దు అని ఎట్లా చెప్పేది?

చెప్పాల్సిన అవసరం నా భార్య చదువు వల్ల వచ్చింది.

ఇంటర్ పాసై, డిగ్రీలో చేరబోతూ ఆమె నన్ను చేసుకుంది. పెండ్లిచూపుల్లో వాళ్ళ నాయన అడిగితే, పెండ్లయినాక చదువుకోవచ్చని నేనే మాటిచ్చాను. ఆ మాట అయిదేళ్ళు అటక మీద పడుండింది. చివరికి ఆమే దించి దులిపి, దూరవిద్యలో బి.ఏ.కు కట్టింది. అన్నీ పాసైంది, ఆర్థికశాస్త్రం ఒక్కటి మిగిలింది. నన్ను అడిగి లాభం లేదు. నా ఆర్థికశాస్త్రం ప్రతి నెలా ఇరవయ్యో తేదీకే ముగిసిపోతుంది. పుస్తకాలు ఆలస్యంగా వచ్చేవి. దిక్కల్లా, ప్రభుత్వ ఛానెల్లో పొద్దున ఆరుంబావుకు వచ్చే పాఠాలే.

ఆ పాఠాలు నంద్యాలలో వాళ్ళ చెల్లెలింట్లో అద్దంలా కనిపించేవి. మా ఇంట్లో మాత్రం తెరనిండా చీమలు. పాఠం చెప్పే ఆయన చీమల పుట్టలో నుంచి చెయ్యి ఊపుతున్నట్టుండేవాడు. అది చాలదన్నట్టు, సరిగ్గా ఆరున్నరకు ఆయన గొంతు నడిమధ్యలో తెగి భక్తిపాటలు మొదలయ్యేవి. కారణం కేబులాయనే ఒకసారి చెప్పాడు. ఆయన దగ్గర ఛానెళ్ళను పట్టే డబ్బాలు తక్కువ, చూపించాల్సిన ఛానెళ్ళు ఎక్కువ. అందుకని ఆ ఛానెల్ డబ్బాతోనే పొద్దున పాటలు కూడా వేసేవాడు. ఒకే పొయ్యి మీద రెండు సంసారాలు.

నా భార్య ఒక చేతికి రొట్టె పిండితో, ఇంకో చేతిలో పెన్సిల్‌తో టీవీ ముందు నిలబడి రాసుకునేది. డిమాండు రేఖ పైకెక్కుతుందా, కిందికి దిగుతుందా అన్నది ఆ చీమల్లో తేలలేదు. పరీక్షలో ఆమె దాన్ని పైకెక్కించింది. అయిదు మార్కుల్లో పోయింది. ఇంక మిగిలింది ఒకే ఒక్క అవకాశం. గడువు దాటితే పాసైన పేపర్లన్నీ కూడా గంగలో కలిసినట్టే.

ఫలితం వచ్చిన రోజు ఆమె ఏడవలేదు. పిండి కలుపుతూ మెల్లగా అంది. "మిమ్మల్ని నేను ఇంకేమీ అడగను. ఆ బొమ్మ ఒక్కటి సరిగ్గా కనిపించేటట్టు చెయ్యండి."

మిద్దె మీద గొడుగులాంటి డిష్ పెట్టుకుంటే ఏ తీగతోనూ పనిలేదని అప్పటికే ఊళ్ళో అనుకుంటున్నారు. నేను మూడు రోజులు ఆలోచించాను. ఆలోచించానంటే పెద్ద మాట, మొహమాటపడ్డాను. ఆయన ఏమనుకుంటాడు? ఎదురుపడితే ఏ మొహం పెట్టుకోవాలి? అమ్మ సంగతేమిటి? ఆమెకు మధ్యాహ్నం సినిమా కన్నా కింద పారే అక్షరాలే ముఖ్యం. తనకు చదువు రాకపోయినా, ఎవరి ఫోటో పడినా కోడలితో చదివించుకుని, ఎవరు పోయారో, దినం ఎప్పుడో తెలుసుకునేది. ఆ సాకుతోనే నేను అమ్మ దగ్గర కూర్చుని, డిష్ పెడితే నీకు ఊళ్ళో సావు కబుర్లు తెలియవు కదా అన్నాను. ఆమె వద్దంటే నాకు బాగుండేది.

అమ్మ వక్క కొరికి నన్ను తేరిపారా చూసింది. "సచ్చినోళ్ళ సంగతి ఎట్లైనా తెలుస్తాదిలేరా. బతికుండేదాని సంగతి సూడు ముందు."

మరుసటి రోజే నంద్యాలకు పోయాను. ఆళ్ళగడ్డలో కొంటే ఆ మాట నాకన్నా ముందు కేబులాయన ఇంటికి చేరేది. గాంధీ చౌకు దాపున ఒక అంగట్లో కొని, డిష్‌ను గోనెసంచిలో చుట్టి బస్సెక్కాను. దాచుదామనుకుంటే దాగే వస్తువా అది? పక్క సీట్లో దొర్నిపాడుకు పోయే పెద్దాయన శిరివెళ్ళ దాకా ఓపిక పట్టి, ఇంక పట్టలేక అడిగాడు. "ఇంత పెద్ద మూకుడు యాడ దొరికిందప్పా? పెండ్లికి బోండాలు ఏస్తాండారా?" అవునన్నాను. ఎవరిదని అడిగాడు. మా ఆమెదేనన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి, ఆళ్ళగడ్డ వచ్చేదాకా మళ్ళీ నా మొహం చూడలేదు.

ఆదివారం పొద్దున్నే అంగడాయన పంపిన ఫిట్టర్, యాభై ఏళ్ళ సాయిబు, మిద్దెక్కి నాలుగు మూలలా తిరిగాడు. ఒక పక్క వేపచెట్టు అడ్డం, ఇంకో పక్క నీళ్ళ ట్యాంకు. ఆకాశం తెరిపిగా ఉన్నది ఒకే మూల. ఆ మూల గోడకే పదకొండేళ్ళుగా బూస్టర్ వేలాడుతోంది. ఏం చేద్దాం సార్ అన్నాడాయన. విప్పు అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే అనుమానం వేసింది.

తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు. నేను లాగితే వీధంతా కదిలింది. టీవీలన్నీ ఒక్కసారి మూగబోయాయి. చేతుల్లో రిమోట్లతో జనం బయటికొచ్చి మా మిద్దె వైపు తలెత్తారు. పది నిమిషాల్లో కేబులాయన బండి వచ్చి ఆగింది. పైకొచ్చి, గోనెసంచిలోంచి సగం తొంగిచూస్తున్న డిష్‌ను చూశాడు. కోపమొచ్చి ఉంటే నాకు సుళువుగా ఉండేది. ఆయన మొహం చిన్నబోయింది.

"ఎవరన్నా ఏమన్నా అన్నారా అన్నా? నాతో చెప్పొచ్చు గదా. వదినకు ఏ ఛానెల్ కావాలో చెప్పు, రేపట్నుంచే ఏస్తా."

ఇక్కడే నేను ఎప్పుడూ కరిగిపోయేది. అప్పటికే సగం కరిగాను కూడా. మెట్ల మీద నా భార్య నోటుబుక్కు పట్టుకుని నిలబడి ఉంది. ఆ బుక్కులో పైకెక్కిన రేఖ నాకు గుర్తొచ్చింది.

"పరీక్షకు నలభై దినాలుండాయి. నీ రేపటి మాటలన్నీ అందులో పట్టవప్పా" అన్నాను.

ఆయన చివరి ఆయుధం తీశాడు. మబ్బు పడితే ఈ గొడుగు పనికిరాదని, బొమ్మ ఆగిపోతుందని చెప్పాడు. ఈసారి మెట్ల మీంచి నా భార్యే అందుకుంది. "మన ఆళ్ళగడ్డలో మబ్బు పడితే టీవీ ఎవరు సూస్తారప్పా? అందరం బయటికొచ్చి మబ్బునే సూస్తాం."

కింద ఎవరో నవ్వారు. కేబులాయన బూస్టర్‌ను చంకలో పెట్టుకుని కిందికి దిగి, ఇల్లిల్లూ తిరిగాడు. ఇన్నేళ్ళూ నా మీద జాలిపడి, పాపం మంచి మనిషి అని మెచ్చుకున్న వీధి అది. ఇప్పుడు ఒకరి మిద్దె ఉరుస్తుందట, ఒకరికి మీటరు పాడైందట, ఇంకొకరికి ఆ దిక్కున డబ్బా ఉంటే వాస్తు ఒప్పుకోదట. ముగ్గురు నలుగురు మళ్ళీ నా దగ్గరికే వచ్చి, ఇన్నేండ్లు ఉన్నది ఇంకొన్నాళ్ళు ఉంటే ఏమని అడిగారు. గొడుగు పెట్టడం పూర్తయ్యేదాకా నేను మెట్ల మీదే, నా భార్య పక్కనే కూర్చున్నాను. లేస్తే ఎక్కడ సరే అంటానోనని భయం. చివరికి ఆయన బూస్టర్‌ను వీధి కొసన సొంత బామ్మర్ది మిద్దె మీదికే ఎక్కించాడు. అన్ని వరసలూ కలుపుకున్నవాడికి అసలు వరసే అక్కరకొచ్చింది.

డిష్‌కు దిష్టి తగులుతుందని అమ్మ నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి దాని కడ్డీకి కట్టించింది. మర్నాడు ఆరుంబావుకు పాఠం చెప్పే ఆయన చొక్కా గుండీలతో సహా కనిపించాడు. ఆరున్నరకు కూడా మాట్లాడుతూనే ఉన్నాడు. డిమాండు రేఖ పైనుంచి కిందికి, మా మిద్దె మెట్లలా దిగింది. ఆ నలభై రోజులు పొద్దున రొట్టెలు నేను కాల్చాను. వాటి ఆకారం గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదని ఒప్పందం.

పరీక్ష నంద్యాలలో. కాలేజీ గేటు బయట మూడు గంటలు నిలబడ్డాను. ఆమె బయటికొచ్చి, నన్ను చూసి, గాల్లో వేలితో పైనుంచి కిందికి ఏటవాలుగా ఒక గీత గీసింది. రెండు నెలలకు ఫలితం వచ్చింది. పాసు.

ఈలోగా కేబులాయన నాతో మాట్లాడటం మానలేదు గానీ, ఆ జూలై ఒకటిన నన్ను పుట్టనివ్వలేదు. మా స్టాఫులో మిగతా అందరి పేర్లూ పారాయి, నాది తప్ప. హెడ్మాస్టరు నన్ను పిలిచి, సర్వీసు రిజిస్టరులో తేదీ ఏమైనా మార్చుకున్నావా అని అడిగాడు.

ఫలితం వచ్చిన వారంలో, ఆయన కర్నూలుకు పోయిన రోజు చూసుకుని, మెయిన్ రోడ్డు మీది ఆయన ఆఫీసుకు పోయాను. ఒక శుభాకాంక్షల చీటీ రాసి, కట్టాల్సింది కట్టి, రశీదు తీసుకున్నాను. కంప్యూటరు ముందు కూర్చున్న ఆమె అక్షరాలు చూసి టైపు కొట్టుకుంటూ పోయింది గానీ, ఏం రాసి ఉందో పట్టించుకోలేదు. మా ఇంట్లో కేబుల్ లేదు కాబట్టి, చూడటానికి బస్టాండు దగ్గర టీ హోటల్లో టీవీకి ఎదురుగా కూర్చున్నాను. మధ్యాహ్నం సినిమాలో హీరో ఎవరినో కొడుతుంటే, అతని కాళ్ళ కింద అక్షరాలు పారడం మొదలైంది.

"బి.ఏ. పాసైన మా ఇంటి ఇల్లాలికి శుభాకాంక్షలు. ఆరున్నర దాటాక కూడా పాఠం చూపించిన మా మిద్దె మీది డిష్‌కు కృతజ్ఞతలు. ఇట్లు, మాజీ బూస్టర్ ఇంటోళ్ళు."

నాలుగోసారి పారుతుండగా కర్నూలు బస్సు వచ్చి ఆగింది. కేబులాయన దిగి, టీ తాగుదామని లోపలికొచ్చి, అలవాటు కొద్దీ తన ఛానెల్ వైపు తలెత్తాడు. చివరి మాట దాకా చదివాడు. నన్ను చూశాడు. నేను జేబులోంచి రశీదు తీసి బల్ల మీద పెట్టాను. ఆయన టీ సంగతి మరిచి ఆఫీసు వైపు పరుగెత్తాడు. అక్కడికి చేరేలోపు ఇంకో రెండుసార్లయినా పారుతుందని లెక్కేసుకుని, నేను ఇంకో టీ చెప్పాను.