లూదియాకు వేసిన కుర్చీ

ఆళ్లగడ్డలో మా చర్చికొస్తే ఆడోళ్లంతా చాపల మీద కూర్చుంటాం. గోడవారన రెండు ప్లాస్టిక్ కుర్చీలుంటాయి. అవి మోకాళ్లు వంగని ముసలమ్మలకు, కడుపుతో ఉన్నోళ్లకు. అలాగని ఎక్కడా రాసిపెట్టలేదు, కానీ ఇంకెవరూ వాటి జోలికి పోరు. నాకూ మోకాళ్ల నొప్పులే. కుర్చీ ఎక్కితే ముసలమ్మల్లో కలిపేస్తారని చాప మీదే మూలుగుతుంటాను.

లూదియా మా వీధిలో జాకెట్లు కుడుతుంది. మొగుడు డేనియల్ లారీ డ్రైవరు, ఇంట్లో ఉండేది తక్కువ. పెళ్లయి చాన్నాళ్లయినా పిల్లల్లేరు. పోయినేడాది నుంచి ఆమెకు ఒళ్లు రావడం మొదలైంది. ఊరి జాకెట్లు వదులు చేసిచ్చే మనిషి, తన జాకెట్ల కుట్లు తానే విప్పుకుంటా కూర్చునేది. శుక్రవారం ఉపవాస ప్రార్థన రోజు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. అయినా ముఖం ఉబ్బింది, నడక బరువైంది.

"ఉపవాసముంటాదంట. ఇంటికి పోయి ఏం తింటాందో" అని వెనక నవ్వినోళ్లున్నారు.

అంతలో నెలసరి తప్పింది. ఆ సంగతి మా పాస్టరమ్మ సరోజమ్మకు ఒక్కదానికే చెప్పి, ప్రార్థన చెయ్యమంది. సరోజమ్మ తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. ఆ ఆదివారం కుర్చీ తెచ్చి లూదియా ముందర వేసింది.

"కూచో మే."

"నాకెందుకక్కా?"

"కూచో అంటాండా గదా."

రెండు మెట్లెక్కితే ఆయాసపడే మనిషి. కూర్చుంది. పాస్టరు ప్రసంగం మొదలుపెట్టకముందే ఊరికి కబురు తెలిసిపోయింది.

వెనక నవ్వినోళ్లే చింతకాయ తొక్కు పంపినారు. నీళ్ల బిందె చేతిలోంచి లాక్కున్నారు. ఇన్నేళ్లలో ఆమె గడప తొక్కనోళ్లు సాయంత్రమైతే వచ్చి కబుర్లు చెప్పినారు. డేనియల్‌కు కూడా ఎవరో చెప్పేసినారు. ఎక్కడి నుంచో ఫోన్ చేసి, "ఆడపిల్లయితే మాయమ్మ పేరే" అన్నాడంట.

"కాదేమో అని చెప్పాలనే ఉండెక్కా. నలుగురొచ్చి పలకరిస్తాంటే నోరు రాలా" అని నాతో తర్వాత అంది. నిజమేనేమో అని తనకూ ఒక మూల ఆశ. మందులషాపులో పరీక్ష కొందామంటే షాపాయన మా చర్చివాడే. ఇక ఎవరికీ చెప్పకుండా నంద్యాల బస్సెక్కింది. బస్సులో కండక్టరు ఆమెను చూసి ఒకాయన్ను లేపి మరీ సీటిప్పించినాడంట. కాదనలేక అక్కడా కూర్చుంది.

డాక్టరమ్మ రక్తపరీక్ష, స్కానింగ్ చేయించింది. "బిడ్డ లేదమ్మా. గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి మందగించింది. దానివల్ల తిన్నది సరిగా ఖర్చు కాదు, ఒంట్లో నీరు నిలుస్తుంది, నెలసరి తప్పుతుంది. మీ తిండి తప్పేం లేదు. రోజూ పొద్దున పరగడుపున మాత్ర వేసుకోండి" అంది. లూదియా మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. మిగతాదంతా డాక్టరమ్మతో రెండోసారి చెప్పించుకుంది.

తర్వాతి ఆదివారం సరోజమ్మ ఆమెను ముందుకొచ్చి, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని పిలిచింది. మా దగ్గర సాక్ష్యంలో మాటమాటకూ స్తోత్రం అనడం అలవాటు.

"నంద్యాల ఆస్పత్రికి పోయొచ్చినా."

"స్తోత్రం" అన్నాం అందరం.

"స్కానింగ్ తీసినారు."

"స్తోత్రం."

"కడుపులో బిడ్డ లేదంట."

"స్తోత్రం" అంది గట్టిగా, చెవుడున్న ఒక ముసలమ్మ ఒక్కతే.

నాకు నవ్వొచ్చి కొంగు నోట్లో కుక్కుకున్నా. లూదియా ముఖం చూసినాక ఆ కొంగే కళ్లకు పెట్టుకోవాల్సి వచ్చింది.

"థైరాయిడ్ అంట. ఒళ్లు దానివల్లే వచ్చిందంట" అని చెప్పి, పోయి చాప మీద కూర్చుంది. సరోజమ్మకు ఏం చెయ్యాలో తోచక పాట అందుకుంది.

బయట చెప్పులు వేసుకుంటుంటే సరోజమ్మ దగ్గరికొచ్చి, "ముందే చెప్పొచ్చు గదా మే" అంది.

"మీరు అడగలేదు గదక్కా."

ఆ సాయంత్రం ఆమె ఇంటికి నేను తప్ప ఎవరూ పోలేదు. చెడ్డోళ్లై కాదు, ఓదార్చాలో తప్పొప్పుకోవాలో తెలీక. నేను పోయినా, కాఫీ తాగి జాకెట్ కొలతలిచ్చి వచ్చేసినా. నాకూ అంతకంటే చేతకాలేదు.

నేను వచ్చేసినాక డేనియల్‌కు ఫోన్ చేసి చెప్పిందంట. లారీ పక్కకు ఆపినాడంట.

"మాత్ర ఎప్పుడెయ్యాల?" అన్నాడు.

"పొద్దున్నే, పరగడుపున."

"సరే. పొద్దున ఫోన్ చేసి లేపుతా."

పొద్దున ఫోన్ రాలేదు. ఏ ఘాట్‌రోడ్డులోనో సిగ్నలు లేదేమో అనుకుని, కాసేపు చూసి, మాత్ర వేసుకుంది.