కన్నమ్మ ఏ పాట పాడినా

కన్నమ్మ గొంతులోనే ఏడుపుంది. చేపల గంప నెత్తిన పెట్టుకుని గోపాలపూర్ వీధుల్లో "కవళ్లో, కవళ్లు" అని కేకేస్తే, ఎవరు పోయారోనని ఒరియా ఇల్లాళ్లు గుమ్మాల్లోకి వచ్చేవారు. జాలిపడి కొనేవారు కూడా. బేరానికి మంచి గొంతే, పెళ్లిళ్లకే పనికిరాలేదు. ఆమె పెళ్లిపాట ఎత్తుకుంటే మాటలన్నీ పసుపూ, పూలూ, పాయసమే. రాగం మాత్రం పాడె లేచినట్టుండేది. ఎవరూ పిలిచేవారు కారు. కూతురు అమ్మడి పెళ్లిలోనైనా ఒక్క పాట పాడాలని ఆమె కోరిక. అంతకుమించి ఏదీ కోరుకోలేదు పాపం.

కొత్త ఒరిస్సా రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు ఒక ఒరియా ఆఫీసరు కన్నమ్మ ఉండే తెలుగు జాలర్ల వాడ చూడడానికి వచ్చాడు. బడిపంతులు కాశీవిశ్వనాథం స్వాగతగీతం రాశాడు: వలలు నిండాయి, మాకే లోటూ లేదు, దయచేయండి దొరా అని. పాడవలసినవాడికి జ్వరం తగిలింది. గతిలేక కన్నమ్మను నిలబెట్టారు. ఆఫీసరుకు తెలుగు ముక్క రాదు. రెండో చరణానికే కళ్లు తుడుచుకుని, "ఎంతమంది పోయారు?" అని ఒరియాలో అడిగాడు. పంతులు నోరు తెరిచేలోగా వాడపెద్ద పైడన్న తల దించేసుకున్నాడు. వారం తిరక్కుండా, రాని తుఫానుకు నలభై బస్తాల బియ్యం వచ్చి పడింది.

కన్నమ్మకు మర్యాద పెరిగింది, ఆఫీసర్లు వచ్చినప్పుడు మాత్రమే. అమ్మడికి హుమ్మ అనే ఊళ్లో ఉప్పుమళ్లవాళ్ల సంబంధం కుదరగానే పైడన్న వచ్చి కూర్చున్నాడు.

"పెళ్లిలో నువ్వు పాడకు కన్నమ్మా. పెళ్లోరు బెదిరిపోతారు."

"నా కూతురి పెళ్లి గాదేటి?"

"అందుకే సెప్తన్నాను."

కూతురి కాపురం మీద ప్రమాణం చేయించాక ఏం చేస్తుంది? నోట్లో కొంగు కుక్కుకుని పెళ్లంతా కూర్చుంది. కన్నతల్లికి ఇంత అన్యాయం చేసి, వాడంతా నిమ్మళంగా భోజనాలు చేసింది.

మర్నాడు పొద్దున్న పెళ్లివారి బండి కదిలింది. కన్నమ్మ నోట్లోంచి కొంగు జారిపోయింది. "నా తల్లీ, ఎల్లిపోతన్నావా" అని గుండెలవిసేలా ఏడ్చింది.

వియ్యపురాలు పుణ్యవతి ముచ్చటపడి బండి ఆపించింది. ఆఫీసరును ఏడిపించిన పాటకత్తె సంగతి ఆమె హుమ్మలోనే విని ఉంది.

"మా వొదిన ఎంత బాగా పాడతందో. ఇంకోటి పాడమనండి."

వాడవాళ్లందరి మొహాలూ వికసించాయి.

"పాడు కన్నమ్మా," అన్నాడు పైడన్న. "ఇప్పుడు పర్వానేదు."

అమ్మడొక్కతే బండి దిగి వచ్చి తల్లిని కావలించుకుంది.

"పాట కాదత్తా. మాయమ్మ ఏడస్తంది."