కుడివైపు జేబు

కాలేజీ గేటుకి ఎదురుగా కుట్టుమిషను పెట్టుకున్న మా అక్కని అందరూ కుడిజేబక్క అంటారు. ఆ పేరు వింటే నాకు ఇప్పటికీ నవ్వాగదు. దానికి కారణమైన రోజున అక్క ఏడ్చిన ఏడుపు నాకు తెలుసు మరి.

అక్కది ఎడమచేతివాటం. నాన్నదీ అంతే. పెన్ను తీసుకోవడానికి వీలుగా నాన్న చొక్కాలకి కుడివైపు జేబు కుట్టీ కుట్టీ అక్కకి అదే అలవాటైంది. కాలేజీలో కొత్తగా చేరిన పిల్లల యూనిఫాం మొదటిసారి తన చేతికొచ్చినప్పుడు, అన్ని చొక్కాలకీ జేబు కుడివైపునే వేసి కూర్చుంది. తెల్లారితే కాలేజీ. విప్పి కుట్టే వ్యవధి లేదు.

"నా పరువు పోయిందే చెల్లీ!" అని ఒకటే ఏడుపు.

మర్నాడు సీనియర్లు పగలబడి నవ్వారట. ఒక కొత్తపిల్ల మాత్రం తడుముకోకుండా, "ఫస్టియర్ వాళ్ళకి జేబు కుడివైపే ఉండాలి. ఆ మాత్రం తెలీదా?" అందట. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఏడాది తిరిగేసరికి అదే నిజమై కూర్చుంది. తర్వాత చేరినవాళ్ళు కుడిజేబే కావాలన్నారు. రెండో ఏడాదికి వెళ్ళినవాళ్ళు జేబుని ఎడమవైపుకి మార్పించుకునేవారు. తీసిన చోట రంగు వెలవని గుడ్డ చదరంగా మిగిలితే, అది చూపించుకుని పెద్దరికం వెలగబెట్టేవారు. పరీక్ష తప్పినవాడికి నడిమధ్యన కుట్టమని ఒక బ్యాచి పట్టుబట్టింది గానీ, "వాడి బాధ వాడికుంది, పొండి!" అని అక్క కసిరేసింది.

ఈ ఏడు కొత్త ప్రిన్సిపాల్ గారొచ్చి రెడీమేడ్ చొక్కాలు తెప్పించారు. జేబు ఎడమవైపు, లోకంలో అందరికీ ఉన్నట్టే. అక్కకి పనికేం కొదవ లేదు, బడిపిల్లల గౌన్లు కుప్పలుగా ఉన్నాయి. కానీ మొహంలో కళ లేదు.

"నా చేత్తో మొదలైంది అదొక్కటేనే. అదీ పోయింది," అంది.

నాకు ఒళ్ళు మండింది. ఆ ప్రిన్సిపాల్‌ని కడిగిపారేద్దామనుకున్నాను.

కాలేజీ తెరిచిన సాయంత్రం సీనియర్లు కొత్తపిల్లల్ని వెంటేసుకుని అక్క కొట్టుకి వచ్చారు. "అక్కా, వీళ్ళ జేబులు కుడివైపుకి మార్చు." అక్క కళ్ళు తుడుచుకుంటూనే కత్తెర అందుకుంది. నేనూ కుట్లు విప్పడానికి కూర్చున్నాను.

ఆ వారంలోనే ప్రిన్సిపాల్ గారు స్వయంగా వచ్చారు. "యూనిఫాం మార్చిందెవరు?" అన్నారు.

కడిగిపారేద్దామనుకున్నదాన్ని, చేతిలో ఉన్న చొక్కాని గబుక్కున వెనక్కి దాచేశాను. అక్కే లేచి నిలబడింది.

"నేనేనండీ. మొదట్లో పొరపాటు చేసిందీ నేనే. పిల్లల్నేమీ అనకండి."

ఆయన సంచీలోంచి తెల్లచొక్కా తీసి బల్లమీద పెట్టారు.

"పిల్లలు అంతా చెప్పారమ్మా. ఈ కాలేజీలో నాకూ ఇదే మొదటి ఏడాది కదా. దీనికీ మార్చిపెట్టండి."

అక్క చొక్కా గుండెలకి హత్తుకున్నంత పనిచేసింది. అంతలోనే తేరుకుని, "వచ్చే ఏడు ఎడమవైపుకి మార్చాలండోయ్, మర్చిపోకుండా పట్రండి," అంది.