బుజ్జి డిగ్రీకి అందరూ పెద్దమనుషులే

కొత్తగూడ దగ్గరి తండాలో పుట్టిన బుజ్జికి మహబూబాబాద్‌లో డిగ్రీ చదువుతుండగానే పెళ్లి కుదిరింది. మిగిలింది ఎప్పుడన్నా చదువుకోవచ్చులే అన్నారు పెద్దలు. ఆ ఎప్పుడన్నా రావడానికి ఇద్దరు పిల్లలు పుట్టి, పెరిగి, ఇంటర్ దాటాల్సి వచ్చింది. పాత చదువు చెల్లదు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలన్నారు. సరే అన్నది బుజ్జి.

ఈ సంగతి తెలియగానే ఆమె కాపురముంటున్న భూపాలపల్లి బొగ్గుగని క్వార్టర్లలో అందరికీ చదువు మీద ఎన్నడూ లేని ప్రేమ పుట్టుకొచ్చింది.

"పొలిటికల్ సైన్స్ తీస్కో. రేపు తండల సర్పంచ్ సీటు ఆడోళ్లకొస్తే పనికొస్తది" అన్నాడు భర్త పూల్‌సింగ్.

"ఇప్పుడున్న సర్పంచులు గది చదివిన్రా?"

"చదవకనే గట్లున్నరు."

ఎదురింటి ప్రతాప్ గని ఆఫీసులో గుమస్తా. ఎకనామిక్స్ ఎన్నోసార్లు తప్పాడు కాబట్టి ఆ సబ్జెక్టు లోతు తనకే తెలుసని ఆయన నమ్మకం. "ఎకనామిక్స్ తీస్కో చెల్లె, నేనున్న గద చెప్పనీకి" అని అభయమిచ్చాడు. కూతురు గీత మాత్రం సైకాలజీ అన్నది. అప్పుడైనా అమ్మ తనను అర్థం చేసుకుంటుందట.

బుజ్జికి కావాల్సింది చరిత్ర, తెలుగు. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్ల బడికి పోయాకే తెలుగు నేర్చుకుంది. పక్కింటి కూరలాగా అది ఆమెకు ఎప్పుడూ రుచిగానే ఉండేది.

దూరవిద్య కేంద్రంలో పరశురాములు సారు తల కూడా ఎత్తలేదు. "తెలుగు ఎవలూ తీస్కుంటలేరమ్మ. ఇంకో నలుగురుంటెనే క్లాసు నడుస్తది. కంప్యూటర్ల సీట్లు ఖాళీగున్నయ్, వెయ్యాల్నా?"

"నాకు కంప్యూటర్ రాదు సార్."

"గందుకే గద నేర్చుకునేది."

"నలుగురిని నేను తోల్కొస్తే?"

"తోల్కరా, నడుపుదం" అన్నాడు సారు, ఎలాగూ తేలేదన్న ధైర్యంతో.

బుజ్జి నేరుగా ప్రతాప్ ఇంటికి పోయింది. ఆయన భార్య అరుంధతి ఇంటర్ దగ్గరే ఆగిపోయిన మనిషి. చిక్కుడుకాయలు తుంచుతూ, "నాకిప్పుడు చదువేందే?" అన్నది.

"అన్న చదువు గురించి గంత మంచిగ చెప్తడు గదక్కా. నిన్ను వద్దంటడా?"

పేపరు చదువుతున్న ప్రతాప్‌కు తప్పించుకునే తోవ దొరకలేదు. "చదువుకోనీ. కానీ తెలుగెందుకు? ఇంట్ల మాట్లాడేదే గద" అని గొణిగాడు.

"నువ్వు మాట్లాడనిస్తే గద" అని అరుంధతి చిక్కుడుకాయల గంప ఆయన ముందుకు జరిపి చీర మార్చుకోవడానికి లేచింది.

ఇద్దరూ కలిసి క్వార్టర్లన్నీ తిరిగి మరో ముగ్గురిని ఒప్పించారు. వాళ్లను చూసి పరశురాములు సారు సంతోషించాడని చెప్పలేం. పాపం, ఆయన ఆదివారాలు పోయినయి.

మొదటి ఏడాది ఫలితాల్లో బుజ్జి చరిత్ర పాసైంది. ఏరికోరి తీసుకున్న తెలుగు తప్పింది. ఛందస్సు ముంచింది. సలహాలిచ్చిన వాళ్లంతా ఓదార్చడానికి వచ్చి, నేను ముందే చెప్పలేదా అని ఓదార్చిపోయారు. ఇప్పుడైనా మార్చుకొమ్మన్నాడు పూల్‌సింగ్. బుజ్జి వంటింట్లోకి పోయి, ఉల్లిగడ్డలు కోయకుండానే కళ్లు తుడుచుకుంది.

తెలుగు పాసైన అరుంధతి మరునాటి నుంచి గడపలో కూర్చుని ఆమెకు గురువులు, లఘువులు చెప్పడం మొదలుపెట్టింది. ఇద్దరూ పద్యాలు చదువుతూ తొడల మీద తాళం వేస్తుంటే, చాయ్ ఎవరు పెడతారో తెలియక ప్రతాప్ లోపలికీ బయటికీ తిరిగేవాడు.

సప్లిమెంటరీలో బుజ్జి గట్టెక్కింది. పూల్‌సింగ్ డ్యూటీ దిగి వస్తూ మిఠాయి తెచ్చి క్వార్టర్లన్నీ పంచాడు.

"తెలుగు తీస్కోమని నేనే అన్న" అని ఇంటింటా చెప్పుకున్నాడు. బుజ్జి డబ్బాలో మిగిలిన లడ్డూ తీసుకుని అరుంధతి దగ్గరికి పోయింది.