నాన్న టేకు తోటలో నాలుగు రోజులు

మొన్న నల్లపాడు రైల్వే గేటు దగ్గర మా ఆటో ముందు టేకు దుంగల లారీ ఒకటి ఆగితే, ఆ పచ్చి కోత వాసనకు ముందు నాన్న గుర్తొచ్చాడు, ఆ వెంటనే కాంట్రాక్టరు గుర్తొచ్చి, అరవై దాటిన ఈ వయసులో కూడా నాకు పళ్ళు బిగుసుకున్నాయి.

మా మిరప చేల అవతల గుట్ట మీద పెంచిన ప్రభుత్వపు టేకు తోటకు నాన్న వాచరు. వంకర చెట్లు తీయించి తిన్నని వాటికి చోటివ్వాలనీ, నేలకు దగ్గరగా నునుపుగా కోస్తే మోడు మళ్ళీ చిగురిస్తుందనీ అన్నం తింటూ కూడా చెబుతూనే ఉండేవాడు, అమ్మ విసుక్కునేది. కొట్టాల్సిన చెట్టు మొదట్లో ఆఫీసరు సుత్తితో ముద్ర వేసేవారు. చెట్టు పడినా ముద్ర మోడు మీద మిగిలేది. ఒక ఏడు కోత పని దక్కించుకున్న కాంట్రాక్టరు ముద్ర లేని మంచి చెట్లు కొట్టించాడు. నాన్న అడ్డుపడి పైవాళ్ళకు రాస్తే, ఆ కాంట్రాక్టరు వాచరే అమ్ముకున్నాడని సాక్షుల్ని నిలబెట్టాడు. ఉద్యోగం పోయి, గుంటూరు యార్డులో మిరప బస్తాలు మోస్తూ, దగ్గుతూ, దొంగ అన్న పేరుతోనే నాన్న పోయాడు.

నేను పట్టుబట్టి చదివి నాన్న పనిచేసిన అటవీ శాఖలోనే చేరాను. కొన్నేళ్ళకు ఆ గుట్ట నేను కాపలా చూసే బీటులోకి వచ్చింది, కోత పని మళ్ళీ ఆ కాంట్రాక్టరుకే దక్కింది. నేనెవరి కూతుర్నో అతనికి తెలియదు. మొదటి రోజే ముద్ర లేని చెట్లు పడటం పొదల చాటునుంచి చూశాను, కానీ ఆపలేదు. ఒకటి రెండు చెట్లయితే జరిమానాతో బయటపడతాడు, అతను బయటపడకూడదు. నాలుగు రోజులు అలాగే ఊరుకుని, ఐదో రోజు రేంజరు గారిని వెంటబెట్టుకొచ్చి, ప్రతి మోడు దగ్గరా వంగి ముద్ర వెతికి, లేనిచోటల్లా సున్నం పూయించాను.

నేనెవరి కూతుర్నో అప్పటికి ఎవరో చెప్పినట్టున్నారు, అతను పరుగున వచ్చాడు.

“అమ్మాయ్, మీ నాన్న నాకు బాగా తెలిసినవాడేనమ్మా.”

“తెలుసండీ. అందుకే ప్రతి మోడూ నేనే చూస్తున్నా.”

లారీలు పోయాయి, లైసెన్సు పోయింది, కోర్టు మెట్లెక్కి దిగి మనిషి చితికిపోయాడు. ఆ కబురు నేను పండగలా ఇంటికి మోసుకెళితే, అమ్మ ఎంతసేపటికీ నవ్వలేదు.

“మీ నాన్నయితే మొదటి చెట్టుకే ఆపేవాడే,” అంది.

ఇప్పుడు ఆకాశం నుంచి ఫొటోలు తీసి చెట్లు లెక్కపెడుతున్నారు. చెట్టును చేత్తో తట్టి పలకరించే వాచర్లు ఎక్కడా కనబడరు. అతణ్ణి పడగొట్టినందుకు నాకు ఈనాటికీ చింత లేదు, మళ్ళీ ఎదురైనా అదే చేస్తాను. కానీ ఆ నాలుగు రోజుల్లో పడినవి నాన్న నీళ్ళు మోసి పెంచిన చెట్లు. రిజిస్టరులో ఆ నేరమంతా అతని పేరు మీదే ఉంది. అందులో సగం నాది.