రాతి పెట్టెలో కంప్యూటరు

మొన్న మార్కాపురంలో నేను దగ్గరుండి కట్టించిన రాతి పెట్టెను నా కళ్ళ ముందే సుత్తితో పగలగొట్టినారు. పగలగొట్టమన్నదీ నేనే. ఎందుకో వినండి.

మా చెల్లెలు పద్మ భర్త చెన్నయ్యకు పలకరాయి ఫ్యాక్టరీ ఉంది. గోడలకు వేసే రాయి కోసి, సైజుల వారీగా ఊళ్ళకు పంపుతాడు. పోయినసారి మద్రాసు పార్టీకి సైజులు తారుమారై పోయినాయి. ఇంకొక్కసారి ఇట్ల జరిగితే వేరే చోట చూసుకుంటామని వాళ్ళు మొహం మీదే చెప్పినారంట. అందుకని ఆర్డర్లకు సాఫ్ట్‌వేర్ పెట్టుకుందామని ఒంగోలు నుంచి ఒకాయన్ను పిలిపించినాడు.

ఆయన రెండు దారులు చెప్పినాడు. ఒకటి, మన ఆఫీసులోనే కంప్యూటరు పెట్టుకుని అన్నీ అందులో దాచుకోవడం. రెండోది క్లౌడ్. అంటే అన్నీ ఎక్కడో వాళ్ళ కంప్యూటర్లలో ఉంటాయి, మనం నెలనెలా అద్దె కట్టి నెట్‌లో చూసుకోవాలి. చెన్నయ్యకు అర్థం కాక నా వైపు చూసినాడు. ఎంత మొండి పాఠమైనా కథ చేసి చెప్పడం నాకు బడిలో అలవాటే.

"చూడు బావా, క్లౌడంటే నీళ్ళ ట్యాంకరు. అది వస్తేనే నీళ్ళు. రాకపోతే బిందె పట్టుకుని రోడ్డు మీద నిలబడాల. ఆఫీసులో కంప్యూటరంటే పెరట్లో సొంత బోరు. నీకేది కావాల?"

మా వైపు ఎండాకాలం చూసినవాడెవడైనా బోరే అంటాడు. చెన్నయ్యా అదే అన్నాడు. బోరు కూడా ఎండిపోతుంది గదా సార్ అని ఒంగోలాయన నసిగినాడు. ప్రశ్నలు పాఠం అయినాక అన్నాను. పాఠం అయినాక టీ వచ్చింది.

ఇక దుమ్ము సంగతి. రాయి కోసే మిషను తిరిగితే ఆ టీ గ్లాసు మీద కూడా బూడిద పొర కడుతుంది. ఇంక కంప్యూటరు బతుకుతుందా? ఫ్యాక్టరీలో రాయికి కొదవేముంది! పలకరాయి బండలతోనే పెట్టె కట్టించి, స్క్రీను బయట ఉంచి, కంప్యూటరును లోపల పెట్టించినా. గాలికి సందు ఉంచమన్నాడు ఒంగోలాయన. గాలి దూరే సందులో దుమ్ము దూరదా? సిమెంటు పూయించినా. అన్నిటికీ నకలుండే బ్యాకప్ డిస్కు వేరే చోట దాచుకోమన్నాడు. ఇంత భద్రమైన పెట్టెను వదిలి ఇంకో చోటేంది? దాన్నీ అందులోనే పెట్టించినా.

పూజ రోజు మద్రాసు వాళ్ళు ఫోనులో చెప్పిన కొత్త ఆర్డరునే స్క్రీను మీద పెట్టి కొబ్బరికాయ కొట్టినాము. పద్మ ఫోటోలు తీసింది. పద్ధతి చెప్పినవాణ్ణి గదా, స్క్రీను పక్కనే నిలబడినా.

సరిగ్గా లోడింగు రోజు పొద్దున స్క్రీను నల్లబడింది. నేను పోయేసరికి వాకిట్లో లారీ, అరుగు మీద చెన్నయ్య. పెట్టె మీద చెయ్యి పెడితే అట్ల పెనమే! పగలగొట్టిస్తే కంప్యూటరూ, డిస్కూ రెండూ పోయినాయి. ఊళ్ళో రిపేరు చేసేవాడు చూసి, వీటిలోది బయటికి రావాలంటే వారాలు పడుతుంది, వస్తుందో రాదో కూడా చెప్పలేనన్నాడు.

"బోరు వేయించినోడివీ నువ్వే, దానికి మూత బిగించినోడివీ నువ్వే బావా," అన్నాడు చెన్నయ్య. "ఇప్పుడు ఫోను చేసి సైజులు మళ్ళీ చెప్పమంటే, ఈ ఆర్డరే ఆఖరు."

నేను పగిలిన బండ ముక్కలు ఏరి పక్కన పెడతా ఉన్నా.

అప్పుడు పద్మకు పూజ ఫోటోలు గుర్తొచ్చినాయి. పాత ఫోను కిందపడి పగిలింది గదా అన్నాను. ఫోను పోతే పోయింది, ఫోటోలు కొత్త దాంట్లోకి అవే వచ్చినాయి, అవి క్లౌడ్‌లో ఉంటాయంట అన్నది.

మొదటి ఫోటోలో స్క్రీనుకు అడ్డంగా నా తల. రెండో దాంట్లోనూ అంతే. ఆ తర్వాతిది మెళ్ళో దండతో సహా నా తల. చెన్నయ్య ఒక్కో ఫోటో జరుపుతా, ఒక్కోసారి నన్ను చూస్తా ఉన్నాడు. ఆఖరి దాంట్లో కొబ్బరిచిప్ప ఏరుకోవడానికి వంగినట్టున్నా. నా వీపుకు పైగా స్క్రీను మీది ఆర్డరు మొత్తం, సైజులూ రాయి రంగుతో సహా, అద్దంలో చూసినట్టు కనబడింది!

సాయంత్రానికి లారీ కదిలింది. ఒంగోలాయన మళ్ళీ వచ్చి ఈసారి క్లౌడే పెట్టిపోయినాడు.

"అన్నా, నువ్వు తల వంచిన ఫోటో ఒక్కటే పనికొచ్చింది," అన్నది పద్మ టీ ఇస్తా.

సలహా అడిగితే నేను ఇప్పటికీ అంతే ధీమాగా చెప్తా. ఫోటో తీసేటప్పుడు మాత్రం పక్కకు జరిగి నిలబడుతున్నా.